కార్పస్ లింగ్విస్టిక్స్‌లో పీజీ: బీటెక్ వాళ్ళకి అక్కడ ఏం పని?

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి బాకీ ఉంది. "అన్నా, మీరు సాఫ్ట్‌వేర్ వదిలేసి భాష మీద ఏదో పీజీ చేశారంట కదా, అసలు అదేంటి, బీటెక్ వాళ్ళు చేయొచ్చా, చేస్తే ఏమొస్తది" అని వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. ప్రతిసారీ రెండు లైన్లు రాసి తప్పించుకుంటున్నాను. ఈసారి మొత్తం చెప్తా. కొంచెం పొడుగే, టీ పెట్టుకుని రండి.

ముందు ఒక పాత సంగతి. ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టీమ్‌కి ఒక ప్రాజెక్టు వచ్చింది. ఒక క్లయింట్‌కి తెలుగులో ఫిర్యాదులు వస్తుంటాయి. కొన్ని టైప్ చేసినవి, కొన్ని ఫోన్‌లో మాట్లాడితే అక్షరాలుగా మారినవి. వాటిని చదివి ఇది డబ్బు సమస్య, ఇది లాగిన్ సమస్య, ఇది డెలివరీ సమస్య అని ప్రోగ్రామే విడగొట్టాలి. చేశాం. టెస్టింగ్‌లో మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. లైవ్‌కి వెళ్ళాక మాత్రం "ఇతరాలు" అనే డబ్బా నిండిపోవడం మొదలైంది. ఒకరోజు సాయంత్రం ఆ డబ్బా తెరిచి చదివాను. "పైసలు కట్ అయినయ్ గని రాలే." "రెండుసార్లు గుంజుకున్నది." "మా నాయిన అకౌంట్ల పైసలు పోయినయ్." ఇంకోటి ఉత్తరాంధ్ర నుంచి, "డబ్బులు ఎల్లిపోనాయి" అని.

అన్నీ డబ్బు సమస్యలే. చదువు రానివాళ్ళకైనా అర్థమవుతుంది. మా ప్రోగ్రామ్‌కి అర్థం కాలేదు. ఎందుకంటే మేం దానికి నేర్పించింది వార్తల తెలుగు. అందులో సొమ్ము ఉంది, నగదు ఉంది, డబ్బులు ఉన్నాయి. పైసలు కూడా ఉన్నాయి, కానీ అవి లీటరు పెట్రోల్ మీద పెరిగే పైసలు! మాది సూర్యాపేట దగ్గర ఊరు. మా అమ్మ పొద్దున లేస్తే మాట్లాడేది ఆ "ఇతరాలు" డబ్బాలో ఉన్న భాష. దాన్ని అందులో పడేసిన కోడ్ రాసింది నేనే.

ఆ ఫైల్ సరిచేయడం పెద్ద పని కాదు, నాలుగు వేల వాక్యాలు అదనంగా పెట్టాం, కొంత మెరుగైంది. నన్ను పట్టుకుని వదలనిది వేరే ప్రశ్న. మొదట్లో ఏ తెలుగు పెట్టాలో ఎవరు నిర్ణయించారు? నిజం చెప్పాలంటే ఎవరూ నిర్ణయించలేదు. తేలిగ్గా దొరికింది పెట్టాం. ఆ ప్రశ్నని ఒక సబ్జెక్టుగా చదివే చోటు ఉందని నాకు తర్వాత తెలిసింది. దాని పేరే కార్పస్ లింగ్విస్టిక్స్.

కార్పస్ అంటే భాషని పరిశీలించడం కోసం ఒక పద్ధతి ప్రకారం పోగుచేసిన పాఠ్యాల గుట్ట. ఇక్కడ "పద్ధతి ప్రకారం" అన్నదే అసలు మాట. హార్డ్ డిస్క్‌లో ఉన్న పీడీఎఫ్‌లన్నీ కలిపితే కార్పస్ అయిపోదు. కంప్యూటర్ కార్పస్‌లలో మొదటి తరందైన బ్రౌన్ కార్పస్‌ని చూడండి. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో నెల్సన్ ఫ్రాన్సిస్, హెన్రీ కుచెరా అనే ఇద్దరు తయారుచేశారు, 1964లో బయటికి వచ్చింది. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల్లోంచి 500 ముక్కలు, ఒక్కోటి సుమారు 2,000 పదాలు. మొత్తం పది లక్షల పదాలు. వార్తలు ఎన్ని, మత రచనలు ఎన్ని, డిటెక్టివ్ కథలు ఎన్ని, సైన్సు వ్యాసాలు ఎన్ని అని 15 రకాలకు ముందే వాటాలు వేసుకున్నారు. ఈరోజు పది లక్షల పదాలంటే మన ఫోన్‌లో ఒక మూలకి సరిపోతుంది. అయినా 60 ఏళ్ళ తర్వాత కూడా దాని గురించి పాఠం చెప్తున్నారంటే కారణం సైజు కాదు, ఆ వాటాలు. ఎవరైనా వచ్చి "మీ లెక్క ఏ ఇంగ్లీషు గురించి?" అని అడిగితే దానికి జవాబు ఉంది.

మన దగ్గర కూడా ఒకరు ఇదే పని చేశారు. కొల్హాపూర్‌లో శివాజీ యూనివర్సిటీలో ఎస్.వి. శాస్త్రి గారు 1978 నాటి భారతీయ ఇంగ్లీషు రచనలతో అదే కొలతలో, 500 ముక్కలు, పది లక్షల పదాలతో ఒక కార్పస్ తయారుచేయించారు. కొలత ఒకటే కాబట్టి అమెరికా ఇంగ్లీషుని, మన ఇంగ్లీషుని పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. క్లాసులో కొల్హాపూర్ అనే పేరు వినపడితే నాకు ఎంత సంతోషం వేసిందో. విదేశంలో ఉంటే ఇలాంటి చిన్న చిన్నవాటికి కూడా ఛాతీ ఉబ్బుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇటలీలో రొబెర్తో బూసా అనే పాదిరీ ఉన్నారు. థామస్ అక్వినాస్ లాటిన్ రచనల్లో ప్రతి పదం ఎక్కడెక్కడ వస్తుందో సూచిక చేయాలని ఆయన పట్టుదల. 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ని కలిసి ఒప్పించారు. పని పూర్తవడానికి దాదాపు 30 ఏళ్ళు పట్టింది, అచ్చులో 56 సంపుటాలు. పేరు ఆయనకి వచ్చింది. పంచ్ కార్డుల మీద ఆ లక్షల పదాలు కొట్టింది మాత్రం అక్కడి అమ్మాయిలు. వాళ్ళ ఫోటోలు ఈమధ్యే పరిశోధకులు బయటికి తీసి చూపిస్తున్నారు. డేటా లేబులింగ్ చేసేవాళ్ళ పేరు ఏ పేపర్ మీదా ఉండదు అని మనం ఇప్పుడు బాధపడుతున్నాం కదా, ఆ కథ అప్పుడే మొదలైంది.

సరే, బీటెక్ వాడికి మొదటి దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్తా. నేను వెళ్ళేటప్పుడు "వీళ్ళంతా లిటరేచర్ వాళ్ళు, నాకు కోడింగ్ వచ్చు, నేనే టాప్" అనుకుంటూ వెళ్ళాను. మొదటి నెలలో సరదాకి నా పాత వీడియోల ట్రాన్స్‌క్రిప్టులు తీసుకుని పైథాన్‌లో పదాల లెక్క వేశాను. అందరం రాసే ఆ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ అనే ప్యాటర్న్ పెట్టాను. వచ్చిన జాబితాలో నంబర్ వన్ పదం ఏంటో తెలుసా? "న". రెండోది "క". తెలుగు అనే పదం త, ల, గ అని మూడు ముక్కలైంది. అమ్మ అనే పదం అమ, మ అని రెండయింది.

కారణం ఏంటంటే, యూనికోడ్ దృష్టిలో మన హల్లులు, అచ్చులు అక్షరాలు. గుణింతాలు, పొల్లు, సున్నా మాత్రం "మార్కులు", అంటే అక్షరానికి తగిలించిన గుర్తులు. ఆ ప్యాటర్న్ మార్కుల్ని అక్షరాలుగా లెక్కించదు. గుణింతం కనపడగానే పదం అయిపోయిందనుకుని కోసేస్తుంది. ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని చేసిన అలవాటు అది. భాషాశాస్త్రం వాళ్ళు వాడే ఆంట్‌కాంక్ అనే టూల్ ఉంది, జపాన్‌లో వసేదా యూనివర్సిటీ ప్రొఫెసర్ లారెన్స్ ఆంథొనీ గారు చేశారు, ఉచితం. దాంట్లో కూడా తెలుగు పెట్టే ముందు "పదం అంటే ఏయే అక్షరాలు" అని చెప్పే సెట్టింగ్ చూసుకోండి. మార్కులు కూడా పదంలో భాగమే అని దానికి చెప్పాలి.

అది సరిచేశాక ఇంకో గుంట. వెళ్ళాడు అని ళకి ళ వత్తు పెట్టి రాసేవాళ్ళున్నారు, వెళ్లాడు అని ల వత్తు పెట్టేవాళ్ళున్నారు. మనకి ఒకటే, మిషన్‌కి రెండు పదాలు. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్ తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టర్ పడుతుంది, కొందరి కీబోర్డులో పడదు. మళ్ళీ రెండు పదాలు. ఆ తర్వాత అసలు కథ: ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి, ఇళ్ళు, ఇళ్ళల్లో. వీటిని ఒక పదం కింద లెక్కపెట్టాలా, ఆరింటి కింద లెక్కపెట్టాలా? ఇంగ్లీషులో ఇంతకి ఇంత బాధ ఉండదు, అక్కడ ప్రత్యయం చాలాసార్లు విడి పదంగా ముందు నిలబడుతుంది. మనకి అది పదం తోకకి అతుక్కుంటుంది. "వచ్చాడంటున్నారుగా" అన్నది ఒక పదమా, వాక్యమా? ఏ భాషలోనైనా కార్పస్‌లోని వేర్వేరు పదాల్లో సుమారు సగం ఒక్కసారే కనపడతాయి. తెలుగులో ఈ అతుకుల వల్ల ఆ తోక ఇంకా పొడుగు.

వీటికి ఒకే ఒక్క సరైన జవాబు లేదు. మీ ప్రశ్నని బట్టి జవాబు. మనుషులు ఇంటి గురించి ఎంత మాట్లాడతారు అన్నది ప్రశ్న అయితే ఆరూ ఒకటే. "ఇంట్లో" అన్న రూపం ఒకప్పుడు "ఇంటిలో" అని రాసేవాళ్ళు, అది ఎప్పుడు మారింది అన్నది ప్రశ్న అయితే కలిపేశారా, మీ ప్రశ్నే మాయమైపోతుంది. పీజీలో చేసేది ముప్పావు వంతు ఇదే. ఒక నిర్ణయం తీసుకోవడం, దాన్ని రాతలో సమర్థించుకోవడం. కోడ్ దాని తర్వాత.

ఇప్పుడు నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కాంకార్డెన్స్ అంటారు. మీరు ఒక పదం ఇస్తే, అది కార్పస్‌లో వచ్చిన ప్రతి చోటునీ ఒక్కో లైన్‌గా పరుస్తుంది. మీ పదం నిలువుగా మధ్యలో ఒకదాని కింద ఒకటి, ఎడమన దాని ముందు మాటలు, కుడిన తర్వాతి మాటలు. అంతే. చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ 200 లైన్లు అలా చదివితే మీకు పుట్టుకతో వచ్చిన భాష గురించి మీకే తెలియనివి కనపడతాయి.

బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయర్ అనే ఆయన ఈ పద్ధతితో ఏకంగా ఒక డిక్షనరీ చేయించారు. కోబిల్డ్ అని, 1987లో వచ్చింది. పండితుడు గదిలో కూర్చుని అర్థం ఊహించి రాయడం కాకుండా, జనం వాడిన వాక్యాలు చూసి అర్థం రాయడం అన్నమాట. ఇలాంటి పరిశీలనల్లో బయటపడిన ఒక సంగతి ఏంటంటే, ఇంగ్లీషులో "కాజ్" అనే క్రియ ఉంది కదా, కలిగించు అని. డిక్షనరీ ప్రకారం అది మంచికీ చెడుకీ సమానం. కాంకార్డెన్స్‌లో చూస్తే దాని పక్కన వచ్చేవి ఎక్కువగా సమస్యలు, నష్టం, మరణం, నొప్పి. ఆ పదానికి ఒక నీడ ఉంది. దీన్ని సెమాంటిక్ ప్రొసొడీ అంటారు.

ఈ పాఠం విన్న రాత్రి నాకు తెలుగులో ఏముంటుందా అని నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి "పాలు" దొరికింది. తాగే పాలు కాదు. అప్పులపాలు. జైలుపాలు. ఆస్పత్రిపాలు. నవ్వులపాలు. మట్టిపాలు, బూడిదపాలు, నేలపాలు, దొంగలపాలు. ఎప్పుడైనా ఎవరైనా "సంతోషంపాలయ్యాడు" అన్నారా? "ఉద్యోగంపాలయ్యాడు" అంటే? ఒకవేళ ఎవరైనా అన్నారంటే అది వెటకారం! ఆ వెటకారం పని చేసేదే "పాలు" అనే దాని వెనక ఆ నీడ ఉండబట్టి. ఇది మనకి ఎవరూ స్కూల్లో చెప్పలేదు, అయినా ఒక్కరం కూడా తప్పు వాడం.

ఇప్పుడు ఇంజినీర్ బుద్ధితో దీన్ని లెక్కపెట్టండి చూద్దాం. "పాలు" అని వెతికితే పావులీటరు పాలు వస్తాయి, పాలు పంచుకున్నారు వస్తుంది, "పాలయ్యాడు" రాదు ఎందుకంటే అతికిపోయింది. "జైలు పాలు" అని విడిగా రాసినవి ఒక దగ్గర, "జైలుపాలు" అని కలిపినవి ఇంకో దగ్గర. ముందు లైన్లు చదవాలి, చదివితే ఏం వెతకాలో తెలుస్తుంది, వెతికితే ఇంకో రూపం బయటపడుతుంది, మళ్ళీ చదవాలి. నా మొదటి అసైన్‌మెంట్‌లో నేను ఇది చేయలేదు. ఆరు గ్రాఫులు పెట్టాను, రంగులు రంగులుగా. వెనక్కి వచ్చిన పేపర్ మీద మేడమ్ రాసింది ఏంటంటే, ఇన్ని అంకెలు ఉన్నాయి గానీ నువ్వు ఒక్క ఉదాహరణ కూడా చదివినట్టు కనపడటం లేదు అని. మార్కులు చెప్పను. పాస్ అయ్యాను, అంతవరకే.

అలాగని లెక్కలు తక్కువేం కాదు. ఒక చిన్న లెక్క చూపిస్తా. ఒక పదం నా ట్రాన్స్‌క్రిప్టుల్లో 50,000 పదాలకి 200 సార్లు వచ్చింది. ఇంకొకరి వాటిలో 3,00,000 పదాలకి 300 సార్లు. ఎవరు ఎక్కువ వాడుతున్నట్టు? నేను వెయ్యికి నాలుగు, వాళ్ళు వెయ్యికి ఒకటి. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, అది ఎక్కడెక్కడ వచ్చింది అన్నది. నా జాబితాలో "ఈఎంఐ" అనే పదం చాలా పైన ఉంది. నేనేదో అప్పుల గురించే మాట్లాడే మనిషిననుకుంటారు. తీరా చూస్తే దాదాపు మొత్తం ఒకే ఒక్క ఎపిసోడ్‌లోవి, ఇల్లు కొనడం గురించి చేసింది. అందుకే పదం ఎన్నిసార్లు వచ్చిందో దాంతోపాటు ఎన్ని ఫైళ్ళలో పరుచుకుని ఉందో కూడా చూడాలి. అలాగే ఏ రెండు పదాలు జంటగా వస్తాయో చెప్పే స్కోర్లు ఉంటాయి. వాటిలో మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ అనేదాన్ని గుడ్డిగా నమ్మారో, జాబితాలో టాప్‌లో టైపింగ్ తప్పులు కూర్చుంటాయి. అరుదైన జంటలకి అది ఉదారంగా మార్కులు వేస్తుంది.

అంకెలు నిజంగా గెలిచిన కథ కూడా ఒకటి చెప్పాలి. 1787, 88లలో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 85 వ్యాసాలు ఒకే మారుపేరుతో వచ్చాయి. రాసింది హామిల్టన్, మాడిసన్, జే. వాటిలో 12 వ్యాసాలు హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్నది చాలాకాలం తేలలేదు. 1964లో మోస్టెల్లర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు పుస్తకం వేశారు. వాళ్ళు చూసింది రాజ్యాంగం, స్వేచ్ఛ లాంటి పెద్ద పదాల్ని కాదు. పెద్ద పదాలు విషయాన్ని బట్టి మారతాయి. చిన్న పదాలు మనిషిని బట్టి ఉంటాయి. "అపాన్" అనే చిన్న పదాన్ని హామిల్టన్ వెయ్యి పదాలకి సుమారు మూడుసార్లు వాడతాడు, మాడిసన్ అయితే వేల పదాలకి ఒకసారి. ఇలాంటి పదాలు బోలెడు కలిపి లెక్కవేస్తే ఆ 12 మాడిసన్ వైపే మొగ్గాయి. 2013లో జె.కె. రౌలింగ్ వేరే పేరుతో రాసిన డిటెక్టివ్ నవల విషయంలో పత్రికవాళ్ళు చేయించిన పరీక్షకి తాత ఇదే.

నా సంగతి కూడా అలాగే బయటపడింది. గుణింతాలు సరిచేశాక నా ట్రాన్స్‌క్రిప్టుల్లో టాప్‌లో నిలబడ్డ పదం "అంటే". సిగ్గేసింది, తగ్గిద్దామనుకున్నా. కాంకార్డెన్స్ చదివితే అది ఒక పదం కాదు, నాలుగైదు. "కార్పస్ అంటే ఏంటి", ఇది నిర్వచనం. "వర్షం వస్తుంది అంటే రాలేదు", ఇది ఎవరో అన్న మాట. "నువ్వు వస్తానంటే నేనూ వస్తా", ఇది షరతు. ఇంకోటి ఉంది, "అంటే... ఎలా చెప్పాలి..." అని, ఇది ఆలోచించుకోవడానికి టైమ్ కొనుక్కోవడం. ఈ చివరిది పేపర్లో దాదాపు కనపడదు. రాత తెలుగు ఒక్కటే ఉన్న కార్పస్‌ని అడిగితే, ఇలాంటి "అంటే" తెలుగులో లేదనే చెప్తుంది.

ఇక్కడే నా ఫిర్యాదుల డబ్బా మళ్ళీ గుర్తొస్తుంది. మాట్లాడే భాష కార్పస్‌లోకి రాకపోవడానికి ఎవరి కుట్రా లేదు, ఖర్చు. బ్రిటిష్ నేషనల్ కార్పస్ అని 1994లో పూర్తయింది, పదికోట్ల పదాలు. అంత డబ్బున్న దేశంలో, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ళ చేతికి రికార్డర్లు ఇచ్చి ఇంటి మాటలు కూడా రికార్డు చేయించిన ప్రాజెక్టులో, నోటి మాట వాటా పది శాతమే. మిగతా 90 శాతం రాత. మన దగ్గర మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ తెలుగుతో సహా మన భాషలకి కార్పస్‌లు తయారుచేస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ట్రిపుల్ ఐటీలో తెలుగు పదాన్ని విడగొట్టే టూల్స్ మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. వీటన్నిటికన్నా ముందు, కంప్యూటర్ లేని రోజుల్లో, భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లాల్లో రైతుల దగ్గర పదాలు సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో తెచ్చారు. ఏ పదం ఏ ప్రాంతానిదో అందులో ఉంటుంది. నా దృష్టిలో అది కార్పస్ బుద్ధితో చేసిన పనే.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరికే తెలుగు ఏంటి? వికీపీడియా. నాకు దానిమీద గౌరవం ఉంది, రాసేవాళ్ళు ఉచితంగా రాస్తున్నారు. కానీ అక్కడ వేల గ్రామాల మీద దాదాపు ఒకే అచ్చులో వ్యాసాలున్నాయి, 2011 జనగణన అంకెలతో. దాన్ని అలాగే దించుకుని లెక్కవేస్తే తెలుగువాళ్ళు పొద్దస్తమానం మాట్లాడుకునేది మండలం, హెక్టార్లు, జనగణన గురించి అని తేలుతుంది! నవ్వొస్తుంది గానీ, ఇదే డేటాతో నేర్చుకున్న ప్రోగ్రాములు రేపు మన ఆస్పత్రి ఫోన్ ఎత్తుతాయి.

ఈ చదువుకి సమాజంతో ఏం పని అనేవాళ్ళ కోసం ఇంకొక్క ఉదాహరణ. గాబ్రిలాటోస్, బేకర్ అనే ఇద్దరు 1996 నుంచి 2005 వరకు బ్రిటన్ పత్రికల్లో శరణార్థుల గురించి వచ్చిన వార్తలు, సుమారు 14 కోట్ల పదాలు, ఇలాగే పరిశీలించారు. 2008లో అచ్చయింది. మనుషుల గురించి రాసేటప్పుడు వరద, ప్రవాహం, పోటెత్తడం లాంటి నీళ్ళ మాటలు మళ్ళీ మళ్ళీ రావడం అందులో కనపడింది. ఒక వార్తలో చదివితే అది మామూలు పోలిక. వేల వార్తల్లో పరిచి చూస్తేనే అది అలవాటు అని తెలుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో మన పత్రికలు వలస కూలీలు అన్న మాట పక్కన ఏ క్రియలు పెట్టాయి? వాళ్ళు "నడిచారు" అన్నారా, "తరలించారు" అన్నారా? ఎవరైనా డిసర్టేషన్‌గా తీసుకుంటారా అని నేను ఎదురుచూస్తున్నా.

ఇక ప్రాక్టికల్ సంగతులు త్వరగా. ఇంగ్లండులో ఈ సబ్జెక్టుకి పెద్ద పేర్లు లాంకాస్టర్, బర్మింగ్‌హామ్. అక్కడ ఎంఏ మామూలుగా ఒక ఏడాది. క్లాసులు, వ్యాసాలు, చివర వేసవిలో డిసర్టేషన్. వారానికి క్లాసులు తక్కువ, చదవాల్సింది కొండంత. మన దగ్గర హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, ఉస్మానియాలో భాషాశాస్త్రం చదవొచ్చు, ఎంఏ రెండేళ్ళు. ఫీజులు, ఇంగ్లీషు స్కోర్లు ఆయా యూనివర్సిటీ పేజీలోనే చూడండి, నేను చెప్పేలోపు మారిపోతాయి. ఎన్‌ఎల్‌పీ, ఇదీ ఒకటేనా అంటే కాదు. ఎన్‌ఎల్‌పీ వాళ్ళకి మిషన్ పని చేయాలి. నూటికి 95 సరిగ్గా వస్తే పండగ. కార్పస్ వాళ్ళు ఆ మిగిలిన ఐదుని తీసుకుని కూర్చుంటారు. ఇవి ఎందుకు రాలేదు, ఇవి ఎవరి మాటలు అని.

బీటెక్ వాళ్ళకి కష్టం ఎక్కడంటే కోడింగ్‌లో కాదు, స్టాటిస్టిక్స్‌లో అసలే కాదు. మూడు వేల పదాల వ్యాసం వాదనతో రాయడంలో. నాలుగేళ్ళు మనం రాసింది ల్యాబ్ రికార్డులు, అవి కూడా పక్కవాడిది చూసి! వ్యాకరణం మొదటి నుంచి నేర్చుకోవాలి. నాకు విభక్తులు పదో తరగతి తర్వాత మళ్ళీ ఇంగ్లండులో గుర్తొచ్చాయి. డబ్బు సంగతి దాచను. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే ఇది దిగడమే. డిక్షనరీ పనులు, భాషా డేటా టీములు, పరిశోధన, పరీక్షలు తయారుచేసే సంస్థలు, ఇలా ఉంటాయి, కానీ క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాగా వరసలో నిలబెట్టి ఇవ్వరు. ఇంట్లో అప్పు తీరని వాళ్ళు ఉద్యోగం మానేసి వెళ్ళమని నేను చెప్పను. పీజీలో చేరకముందే ఒక నెల చేసి చూడొచ్చు. ఆంట్‌కాంక్ దించుకోండి, మీ చేతిలో ఉన్న తెలుగు ఒక 50,000 పదాలు పెట్టండి, ఒక్క పదం తీసుకుని 200 లైన్లు చదవండి. నలభయ్యో లైన్‌కి విసుగొస్తే ఇది మీ చదువు కాదు. నూటయాభయ్యో లైన్ దగ్గర అన్నం చల్లారిపోయిందని గుర్తొస్తే ఆలోచించండి.

నేను ఇప్పుడు చేస్తున్న పని చెప్పి ఆపేస్తా. మా ఊళ్ళో మాటలు రికార్డు చేస్తున్నాను, అమ్మతో మొదలుపెట్టి. ముందు అడిగి, దేనికో చెప్పి, ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తానని కాగితం మీద రాసిచ్చి. అమ్మ ఆ కాగితం చూసి "కన్నతల్లికి బాండు రాసిస్తున్నవా" అంది. ఒక గంట మాటలు అక్షరాల్లో పెట్టడానికి నాకు ఏడెనిమిది గంటలు పడుతోంది. పోయిండ్రు అన్నది పోయిండ్రు అనే రాయాలి, చెయ్యి అలవాటుగా వెళ్ళారు అని కొడుతుంది, వెనక్కి వెళ్ళి దిద్దాలి. ఇప్పటికి పదకొండు గంటల మాటలు అయ్యాయి. పైసలు అన్న పదం 63 సార్లు వచ్చింది. అందులో పెట్రోల్ గురించి ఒక్కటి కూడా లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆంట్‌కాంక్‌లో తెలుగు ఫైల్ ఎలా పెట్టాలో స్క్రీన్ మీద చూపిస్తా. ఉంటాను.